పైన తేలిన నూనె, అడుగున ఉన్న గింజ

వేయించిన పల్లీలను మెత్తటి ముద్దగా నూరి, మరేమీ కలపకుండా సీసాకెత్తి కొన్ని వారాలు కదపకుండా ఉంచితే, ముద్ద అడుగున గట్టిపడి దాని మీద నూనె పొరగా తేలుతుంది. ఈ నూనెను చూసి సరుకు చెడిపోయిందని అనుకునేవారు ఉన్నారు, అదే నూనెను చూపి ఇదే అసలైన సరుకని వాదించేవారూ ఉన్నారు. నిజానికి అది రెండింటిలో దేనికీ రుజువు కాదు. పల్లీ గింజ బరువులో దాదాపు సగం నూనె ఉంటుంది. గింజ పగలనంత కాలం ఆ నూనె సన్నని కణాల లోపలే బందీగా ఉండి, నూరినప్పుడు కణాల గోడలు పగిలి బయటికి వస్తుంది. అప్పుడు మాంసకృత్తుల, పిండి పదార్థాల రేణువులు నూనెలో తేలాడుతూ, నూనె కంటే బరువైనవి కనుక మెల్లగా కిందికి దిగుతాయి. రోలు ముందు కూర్చున్నవారికి ఈ సంగతి శాస్త్రం చెప్పకముందే తెలుసు. ఉమ్మడి పాలమూరు ఇళ్లలో జొన్నరొట్టెకు తోడుగా పల్లీల కారం దంచేటప్పుడు గింజ మొదట రవ్వగా, తర్వాత పొడిగా, ఇంకాసేపు దంచితే ముద్దగా మారుతుంది. నూనె వదలకముందే చెయ్యి ఆపడం కారం దంచేవారి నేర్పు అయితే, నూనె వదిలాక కూడా ఆపకపోవడం పీనట్ బటర్ చేసే పద్ధతి.

దాని పేరులో వెన్న ఉన్నా పాలతో దానికి సంబంధం లేదు. వెన్న అనే మాటను పాల ఉత్పత్తికే కేటాయించిన హాలెండ్‌లో దాన్ని ‘పల్లీల జున్ను’ అనే అర్థం వచ్చే పేరుతో అమ్ముతారు, అందులో జున్ను కూడా లేదన్నది వేరే మాట. కెనడాకు చెందిన మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ 1884లో పల్లీల ముద్దకు పేటెంట్ పొందగా, అమెరికాలో జాన్ హార్వే కెల్లాగ్ 1895లో తన పద్ధతికి దరఖాస్తు చేశాడు. ఆ కాలపు దుకాణాల్లో ఈ ముద్దను పెద్ద పీపాల్లో పెట్టి, తేలిన నూనెను గరిటెతో కలుపుతూ అమ్మవలసి వచ్చేది. 1920ల తొలినాళ్లలో కాలిఫోర్నియాకు చెందిన జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టాడు. ద్రవరూపంలో ఉన్న నూనెకు హైడ్రోజన్ వాయువును జోడించి గట్టి కొవ్వుగా మార్చడాన్ని హైడ్రోజనీకరణం అంటారు. వనస్పతి తయారయ్యేది కూడా ఇదే మార్గంలో. అలా గట్టిపడిన కొవ్వును నూటికి ఒకటి రెండు వంతుల మేర వేడి ముద్దలో కరిగించి చప్పున చల్లార్చితే, అది కంటికి కనిపించని స్ఫటికాల వలగా అల్లుకుని నూనెను ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది. బజారులో సాధారణంగా దొరికే, చెంచా గుచ్చితే మెత్తగా దిగే, ఎన్నాళ్లున్నా నూనె తేలని రకానికి మూలం ఈ వలే. ‘సహజ’ రకమంటే ఆ వల లేనిదన్నమాట.

వల వేయడానికి వాడిన కొవ్వు గుండెకు చేటు చేస్తుందన్న భయమే చాలామందిని సహజ రకం వైపు నడిపిస్తోంది, అయితే ఈ భయానికి ఉన్న ఆధారం అనుకున్నంత గట్టిది కాదు. హైడ్రోజనీకరణం అరకొరగా జరిగినప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. ఇవి రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గించే కొవ్వు ఆమ్లాలు. హైడ్రోజనీకరణం సంపూర్ణంగా జరిగితే అవి దాదాపు మిగలవు. పైగా కలిపేది ఒకటి రెండు వంతులే. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త టిమతీ శాండర్స్ 2001లో అక్కడి పీనట్ బటర్ రకాలను పరీక్షించినప్పుడు గుర్తించదగిన స్థాయిలో ట్రాన్స్ కొవ్వు కనిపించలేదు. భారతదేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు నూటికి 2 వంతులు మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలులో ఉంది. కాబట్టి సీసా వెనుక సన్నని అక్షరాల్లో మొదట చూడవలసింది కొవ్వు కాదు, చక్కెర. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలన్నది చట్టం కనుక, పల్లీల తర్వాత రెండో స్థానంలో చక్కెర ఉన్నదా లేదా అన్నది ఆ వరుసే చెబుతుంది. ఐఎన్ఎస్ 471 అన్న అంకె కనిపిస్తే అది నూనెను, మిగతా పదార్థాలను విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయర్. కలపనక్కర్లేని సహజ రకం అంటూ అమ్మే కొన్నింటిలో హైడ్రోజనీకరించిన కొవ్వు స్థానంలో పామాయిల్ వేస్తారు. అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ కనుక, పేరు మారినంత మాత్రాన లాభం మారదు.

‘సహజ’ అన్న మాటను ఎవరు పడితే వారు వాడకుండా భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 2018లో ప్రకటనలపై నిబంధనలు తెచ్చి, ఏమీ కలపని ఏకపదార్థ ఆహారాలకే దాన్ని పరిమితం చేయడానికి ప్రయత్నించింది. ఈ తగవు అమెరికాలో మరీ పాతది. పీనట్ బటర్ అనిపించుకోవాలంటే అందులో పల్లీలు ఎంత ఉండాలన్న ప్రశ్న 1959లో లేచి, 95 వంతులని ప్రభుత్వం, తక్కువ చాలునని కంపెనీలు పట్టుబట్టగా, రూత్ డెస్మండ్ అనే గృహిణి విచారణలకు హాజరై కంపెనీల న్యాయవాదులను నిలదీసిన తర్వాత, పుష్కర కాలం గడిచాక 90 వంతుల దగ్గర తేలింది.

ఇంత జరిగినా, ఏ చట్టమూ ఏ ముద్రిత అక్షరమూ కొనేవారికి చెప్పనిది ఒకటి మిగిలే ఉంది. అది గింజ సంగతి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోగా, మేతలో కలిపిన బ్రెజిల్ పల్లీ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడిచిన విషం ఉన్నట్లు తేలింది. ఆ విషానికి పెట్టిన పేరే అఫ్లాటాక్సిన్. కాలేయ క్యాన్సర్‌కు కారణమని నిర్ధారణ అయిన ఈ పదార్థం, నేరుగా తినే పల్లీలలో కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదని భారత నిబంధన, 4 మించరాదని ఐరోపా నిబంధన. వేయించితే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, నూరితే అసలే పోదు. పెద్ద కర్మాగారాల్లో గింజల పొట్టు తీసి, రంగు మారినవాటిని కెమెరా యంత్రాలతో ఏరివేస్తారు. విషం కొద్ది గింజల్లోనే దట్టంగా పేరుకుని ఉంటుంది కనుక ఈ ఏరివేత చాలా మేలు చేస్తుంది. ఏరకుండా, పొట్టు తీయకుండా అప్పటికప్పుడు నూరి ఇచ్చే ‘సహజ’ సరుకు ఈ ఒక్క విషయంలో మామూలు సీసా కంటే వెనుకబడే అవకాశం ఉందని ఒప్పుకోక తప్పదు.

సరిగ్గా ఇక్కడే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ముందుకు వస్తాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లాల్లో వేరుశనగ ప్రధానంగా యాసంగి పంట. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు నుంచి నవంబరు లోపల ఎర్ర చెల్కల్లో విత్తి, బోరుబావుల కింద, జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల కాల్వల కింద నీరు పెట్టి, జనవరి మొదలుకొని మార్చి వరకు పీకుతారు. బూజు కాయలోకి చొరబడేది ముఖ్యంగా రెండు సందర్భాల్లో. కాయ ఊరే చివరి వారాల్లో నేల బెట్టకు వచ్చి వేడెక్కినప్పుడు ఒకటి, పీకిన కాయ వానకు తడిసి ఆరక కుప్పలో ఉడికినప్పుడు రెండోది. వానను నమ్ముకున్న అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల వానకాలం పంటకు మొదటి ప్రమాదం తరచు ఎదురవుతుంది. చివరి తడి వరకు నీరు అంది, పొడి ఎండల్లో కాయ ఆరే యాసంగి పంటకు ఈ రెండూ తక్కువ. వనపర్తి పల్లీలకు అఫ్లాటాక్సిన్ తక్కువన్న పేరు రావడంలో మట్టి మహిమ కంటే ఈ కాలపు మహిమ ఎక్కువ.

అయితే పొలంలో వచ్చిన మంచిపేరును కల్లంలో పోగొట్టుకోవడం తేలిక. చేతిలోకి తీసుకుని ఆడిస్తే లోపలి గింజ గలగలలాడేదాకా, అంటే తేమ 8 శాతానికి దిగేదాకా కాయను ఎండబెట్టాలి. ఇంత శ్రమపడి ఎండబెట్టిన కాయ మీద, మిల్లులో గింజ పగలకుండా ఉంటుందని నీళ్లు చల్లి ఒలిచే అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. పప్పు నిండుగా, మెరుస్తూ కనిపిస్తుంది, బరువు కూడా కాస్త కలిసొస్తుంది, బూజుకు మాత్రం తలుపు తెరిచినట్లవుతుంది. పల్లీలు కొనేవారికి ఈ సంగతి తెలిస్తే చాలు, సగం ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ఈ ప్రాంతంలో పండిన పంటలో ఎక్కువ భాగం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మార్కెట్ యార్డుల గుండా కాయగానో పప్పుగానో బయటికి పోతుంది. క్వింటాలుకు 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 7,263 రూపాయలు. కృష్ణ ఒడ్డున బీచుపల్లి దగ్గర ఒకప్పుడు సహకార నూనెగింజల సమాఖ్య నడిపిన వేరుశనగ నూనె మిల్లు మూతపడటంతో, పంటను అక్కడికక్కడే సరుకుగా మార్చే ఒక పెద్ద దారి మూసుకుపోయింది. ఇక్కడి నుంచి బస్తాలో వెళ్లిన గింజ ఎక్కడో నూరబడి, హైదరాబాదు దుకాణపు అరలో గాజు సీసాగా కనిపించడం, ఆ సీసా మీద ఊరి పేరు ఎక్కడా లేకపోవడం చూస్తే, ఏ రకం కొనాలన్న చర్చలో పండించినవారికి చోటే లేదనిపిస్తుంది.

సహజ రకానికి ఉన్న అసలు బలహీనత తేలే నూనె కాదు, త్వరగా పాతబడే నూనె. నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో, గాలి తగిలితే లినోలిక్ ఆమ్లం ఓలిక్ ఆమ్లం కంటే చాలా రెట్లు వేగంగా చెడుతుంది. మామూలు పల్లీ నూనెలో ఓలిక్ ఆమ్లం సగానికి అటూఇటూ ఉండగా, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి రూపొందించి 2020లో దేశానికి అందించిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో అది 80 శాతానికి చేరువగా ఉంటుంది. అటువంటి గింజతో చేసిన ముద్ద, ఏ కొవ్వూ కలపకపోయినా ఎక్కువ నెలలు వాసన మారకుండా నిలుస్తుంది. కదిరి-6 రకానికి అలవాటుపడిన రైతు కొత్త విత్తనానికి మారాలంటే, దిగుబడితోపాటు నూనె గుణానికి కూడా యార్డులో వేరుగా ధర దక్కాలి.

పోషకాల లెక్కలో రెండు రకాలకూ తేడా చాలా తక్కువ. రెండు పెద్ద చెంచాలకు, అంటే 32 గ్రాములకు, ఏదైనా దాదాపు 190 కేలరీలు, 7 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. మధుమేహం ఉన్నవారికి, చిన్నపిల్లలకు చక్కెర, ఉప్పు లేని రకం మేలు. సీసా తెరిచి నెలల తరబడి ఉంచేవారికి గట్టిపడిన రకం సౌకర్యం. పల్లీ చట్నీకో గుత్తివంకాయ మసాలాకో అడ్డదారిగా సీసా వాడే విదేశాల్లోని తెలుగువారికి తీపి లేనిది తప్ప మరొకటి పనికిరాదు. ఇంట్లోనే చేసుకునేవారు ముడుచుకున్న, నల్లబడిన, పొట్టు కింద రంగు మారిన గింజలను ముందే ఏరి, సన్నని మంట మీద వేయించి, పొట్టు ఊడ్చి నూరుకుని, సీసాను కొన్ని రోజులు తలకిందులుగా ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెడితే నూనె తేలడం చాలావరకు తగ్గుతుంది.

ఏరేసిన గింజలు ఎక్కడికి పోతాయన్నది ఇంట్లో చిన్న విషయమే గానీ, మిల్లుల దగ్గర పెద్దది. బజారుకు పనికిరాని తాలు, రంగు మారిన పప్పు మామూలుగా నూనెకు పోతుంది. శుద్ధి చేసే కర్మాగారంలో క్షారంతో కడిగినప్పుడు అఫ్లాటాక్సిన్ దాదాపు తొలగిపోతుంది. శుద్ధి చేయని గానుగ నూనెలో ఆ మెట్టు ఉండదు కనుక, గానుగలో ఏ గింజ పోశారన్నది అక్కడ కూడా అడగవలసిందే.