దీపకాంతి – థోరియం

విద్యుత్తు పల్లెలకు చేరని రోజులలో, అనకాపల్లి ప్రాంతంలోనే కాక తెలుగునాట అంతటా, పెళ్ళి ఊరేగింపులకూ జాతరలకూ వీధినాటకాలకూ పెట్రోమాక్స్ దీపమే శోభ. జనం దానిని గ్యాసులైటు అని పిలిచేవారు. దానిని తలపై మోస్తూ ఊరేగింపు వెంట నడిచిన శ్రామికులెందరో! మిరుమిట్లు గొలిపే ఆ తెల్లని కాంతికి ఆధారం మాంటిల్ అనే చిన్న జాలీసంచి. అందులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉండేదని వారిలో చాలామందికి తెలియదు.

ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1885లో మాంటిల్‌ను రూపొందించాడు. 1891 నాటికి 99 శాతం థోరియం ఆక్సైడు, 1 శాతం సీరియం ఆక్సైడు గల మిశ్రమం శ్రేష్ఠమని నిర్ణయించాడు. థోరియం రేడియోధార్మికతను గెర్హార్డ్ ష్మిట్, మేరీ క్యూరీ వేర్వేరుగా కనుగొన్నది 1898లో. దీపం ముందు వెలిగింది. దాని స్వభావం తరువాత తెలిసింది.

అయితే ఆ వెలుగు రేడియోధార్మికత వల్ల కలిగినది కాదు. థోరియం నైట్రేటులో తడిపిన గుడ్డను తొలిసారి వెలిగించినప్పుడు నూలు కాలిపోయి, ఆక్సైడు జాలీ మాత్రమే మిగులుతుంది. ఆవిరైన కిరోసిన్ మంటకు కరగక, శ్వేతోష్ణమై అది ప్రకాశిస్తుంది.

థోరియానికి ముఖ్యమైన ఆకరం మోనజైటు ఖనిజం. అనకాపల్లికి ఈశాన్యాన ఉన్న భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ అది ఉన్నది. 1950లో ఏర్పడిన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ మోనజైటును శుద్ధిచేసి, మాంటిల్ పరిశ్రమకు థోరియం నైట్రేటును అందించింది.

థోరియం అర్ధాయువు సుమారు 1400 కోట్ల సంవత్సరాలు. అది వెలువరించే ఆల్ఫా కణాలను పలుచని కాగితం సైతం ఆపగలదు. కనుక దీపకాంతిలో కూర్చున్నవారికి కలిగే ప్రమాదం అత్యల్పం. విరిగిన మాంటిల్ బూడిద శ్వాసతోగాని ఆహారంతోగాని దేహంలో ప్రవేశిస్తే మాత్రం హానికరం. దీపం వెలుగులో కూర్చున్నవారికంటె, మాంటిళ్ళు మార్చే పనివారికే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

ఇటీవలి దశాబ్దాలలో కొన్ని సంస్థలు థోరియానికి బదులు యిట్రియం వాడుతున్నాయి. అయినను పాత మాంటిళ్ళు ఇంట ఉంటే పిల్లలకు అందనీయరాదు. బూడిదను నోటితో ఊదక, తడిగుడ్డతో తీసి, చేతులు శుభ్రంగా కడుగుకోవాలి. తెలియక వహించే నిర్లక్ష్యమూ, అపోహతో పెంచుకొనే భయమూ రెండూ చీకటులే. వాటిని తొలగించే దీపం విజ్ఞానం.