సామాజికమాధ్యమాల అధికవినియోగం – యువత ఆత్మభావన, మూర్తిమత్వం: కామారెడ్డి, ఎల్లారెడ్డి నేపథ్యం

వ్యాససంగ్రహం:

సామాజికమాధ్యమాలను ఎక్కువగా వాడే యువతలో ఆత్మన్యూనత పెరుగుతోందన్న మాట తరగతిగదుల్లోను, ఇళ్లలోను తరచుగా వినిపిస్తోంది. ఈ మాటలో సత్యమెంత? ఆ ప్రభావం ఏ మార్గంలో కలుగుతుంది? అందరిపైనా ఒకేవిధంగా ఉంటుందా? ఈ ప్రశ్నలను మనోవిజ్ఞానశాస్త్ర సిద్ధాంతాలు, ప్రామాణిక పరిశోధనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల్లోను, పరిసర గ్రామాల్లోను ఉంటూ డిగ్రీస్థాయిలో చదువుకొంటున్న యువతీయువకుల జీవనపరిస్థితులు ఇందుకు నేపథ్యం. ఎంతసేపు వాడుతున్నారన్నదానికంటె ఏ విధంగా వాడుతున్నారు, ఎవరితో పోల్చుకొంటున్నారు అన్నవే ఆత్మభావనను అర్థం చేసుకోవడానికి ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సామాజికమాధ్యమాలు, ఆత్మభావన, ఆత్మగౌరవం, మూర్తిమత్వం, సామాజికతులన, యువత, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం:

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అదే ఏడాది అక్టోబరు 11న నిజామాబాదు జిల్లానుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఈ రెండింటికీ పరస్పరసంబంధం లేదు. అయినా, ఆనాడు బడిలో చిన్నతరగతులు చదువుతున్న పిల్లలే నేడు ఈ జిల్లాలో డిగ్రీ విద్యార్థులు. 2020లో కరోనా కారణంగా పాఠాలు తెరమీదికి వచ్చినప్పుడు, అంతవరకు ఫోను వద్దన్న తల్లిదండ్రులే అప్పుచేసైనా కొనివ్వవలసి వచ్చింది. ఆ ఏడాది జూన్ 29న భారతప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించగా, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మనదేశంలో ప్రవేశించి ఆ ఖాళీని నింపింది. అంటే ఈ తరానికి చదువు, వినోదం, స్నేహం, ప్రదర్శన అన్నీ ఒకే పరికరంలో, ఇంచుమించు ఒకే సమయంలో అందాయి.

తాను ఎవరు, ఎలా కనిపిస్తున్నాడు, ఏమి కాగలడు అన్న ప్రశ్నలకు మనిషి సమాధానం వెదకుకొనే వయసు కూడా ఇదే. అందువల్ల ఈ రెండింటి కలయికను పరిశీలించడం అవసరం.

2. ఆత్మభావన, మూర్తిమత్వం - భావనల వివరణ:

వ్యక్తి తన రూపం, సామర్థ్యం, స్వభావం, సమాజంలో తన స్థానం గురించి మనసులో ఏర్పరచుకొన్న చిత్రమే ఆత్మభావన. ఆ చిత్రానికి తాను ఇచ్చుకొనే విలువ ఆత్మగౌరవం. ఇతరుల కళ్లలో మనం ఎలా కనిపిస్తున్నామని ఊహించుకొంటామో, దానినిబట్టే మన ఆత్మభావన రూపొందుతుందని అమెరికన్ సామాజికశాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ 1902లో వివరించాడు. సమాజాన్ని ఆయన అద్దంతో పోల్చాడు. ఉన్న ‘నేను’కు, కావాలనుకొనే ‘నేను’కు మధ్య దూరం పెరిగినకొద్దీ నిరాశ, దిగులు పెరుగుతాయని టోరీ హిగ్గిన్స్ 1987లో ప్రతిపాదించాడు.

మూర్తిమత్వం ఇంతకంటె విస్తృతమైనది, స్థిరమైనది. వ్యక్తి ఆలోచనల్లో, ఉద్వేగాల్లో, ప్రవర్తనలో చాలాకాలంపాటు నిలిచి ఉండే విశిష్టరీతిని మూర్తిమత్వం అంటాము. నేటి పరిశోధనల్లో ఎక్కువగా వాడే నమూనాలో దీనికి అయిదు అంశాలున్నాయి: కొత్త అనుభవాలపట్ల సంసిద్ధత, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత, సర్దుబాటు స్వభావం, ఉద్వేగ అస్థిరత.

ఆత్మభావన ఒక ఫోటోకు వచ్చిన స్పందనతో కూడా ఒడుదొడుకులకు లోనుకావచ్చు. మూర్తిమత్వం అలా మారదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడంవల్లనే “ఫోను పట్టుకొన్నప్పటినుంచి పిల్లవాడి స్వభావమే మారిపోయింది” వంటి తొందరపాటు నిర్ణయాలు వెలువడుతుంటాయి.

3. సామాజికతులన - ప్రభావం కలిగే మార్గం:

తనను తాను అంచనా వేసుకోవడానికి కొలబద్ద దొరకనప్పుడు మనిషి తోటివారితో పోల్చుకొంటాడని లియోన్ ఫెస్టింజర్ 1954లో సామాజికతులన సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. తనకు దగ్గరగా ఉన్నవారితోనే ఎక్కువగా పోల్చుకొంటాడన్నది అందులో ముఖ్యాంశం. పూర్వం ఆ దగ్గరివారు వాడకట్టులో, బడిలో, బంధువుల్లో ఉండేవారు. వారి గెలుపుతోపాటు వారి ఇంటి అప్పు, అనారోగ్యం, తగవు కూడా కళ్లముందు ఉండేవి. సామాజికమాధ్యమంలో గెలుపుమాత్రమే కనిపిస్తుంది. ‘దూరపు కొండలు నునుపు’ అన్న సామెతలోని దూరాన్ని తెర చెరిపివేసింది. నునుపునుమాత్రం అలాగే ఉంచింది.

మనిషి ఇతరుల ముందు తనను తాను ప్రదర్శించుకొనే తీరును అర్వింగ్ గోఫ్‌మన్ 1956లో రంగస్థలంతో పోల్చి వివరించాడు. వేదికకు తెరవెనుక భాగం ఉన్నట్లే మనిషికీ వేషం విప్పి విశ్రమించే చోటు ఉంటుందని ఆయన పరిశీలన. గంటగంటకు స్టేటస్ మార్చే యువతకు ఆ తెరవెనుక భాగం కుంచించుకుపోతున్నది. పడకగది, బస్సు, పొలంగట్టు అన్నీ వేదికలవుతున్నాయి. పైగా ఒకప్పుడు ఊహకే పరిమితమైన ఇతరుల అభిప్రాయం లైకుల సంఖ్యగా, ఫాలోవర్ల సంఖ్యగా లెక్కకు అందుతోంది. కూలీ చెప్పిన అద్దం ఇప్పుడు అంకెలు చూపుతున్నది.

4. పరిశోధనల నిర్ధారణలు:

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 425 మంది విద్యార్థులపై చౌ, ఎడ్జ్ 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫేస్‌బుక్‌ను చాలాకాలంగా వాడుతున్నవారు ఇతరులు తమకంటె సుఖంగా ఉన్నారని ఎక్కువగా నమ్మారు. వ్యక్తిగతంగా తమకు తెలియనివారు ‘స్నేహితుల’ జాబితాలో ఎక్కువగా ఉన్నవారిలో ఈ నమ్మకం మరింత బలంగా కనిపించింది. ముఖాముఖి పరిచయం లేనివారితో పోల్చుకోవడంలోని ప్రమాదాన్ని ఇది సూచిస్తుంది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఒక్కొక్క మాధ్యమాన్ని రోజుకు 10 నిమిషాలకు పరిమితం చేసుకొన్నవారిలో మూడు వారాల్లో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. అయితే ఆత్మగౌరవంలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. ఒంటరితనం తగ్గినంత త్వరగా ఆత్మగౌరవం పెరుగుతుందని ఆశించలేమని దీనివల్ల తెలుస్తుంది.

మరోవైపు, మూడున్నర లక్షలమందికి పైగా కౌమారుల సమాచారాన్ని విశ్లేషించి ఆర్బెన్, ప్రిజిబిల్‌స్కీ 2019లో ప్రచురించిన అధ్యయనం, మానసికక్షేమంలో కనిపించే భేదాల్లో డిజిటల్ సాంకేతికత వివరించగలిగేది గరిష్ఠంగా 0.4 శాతమేనని తేల్చింది. ఈ ఫలితం సగటుకు సంబంధించినది. ఒకరికి మేలు, మరొకరికి కీడు జరిగినప్పుడు సగటు స్వల్పంగానే కనిపిస్తుంది. కాబట్టి ‘ప్రభావం ఉందా, లేదా’ అన్న ప్రశ్నకంటె ‘ఎవరిపై, ఎప్పుడు’ అన్న ప్రశ్న మేలైనది.

దీనికి ఆర్బెన్, సహపరిశోధకులు 2022లో బ్రిటన్‌కు చెందిన సమాచారంతో ఒక సమాధానం అందించారు. బాలికల్లో 11–13, బాలురలో 14–15 ఏళ్ల మధ్యను, తిరిగి ఇద్దరిలోను 19 ఏళ్ల ప్రాంతంలోను సామాజికమాధ్యమాల వాడకం పెరగడానికీ, ఏడాది తరువాత జీవనసంతృప్తి తగ్గడానికీ సంబంధం కనిపించింది. 19 ఏళ్లంటే మన విద్యార్థి డిగ్రీ మొదటి, రెండవ సంవత్సరాల్లో ఉండే వయసు. జీవనసంతృప్తి తగ్గినవారు తరువాతి ఏడాది వాడకాన్ని పెంచుకొన్నట్లుకూడా అదే అధ్యయనంలో కనిపించింది. అంటే ఈ సంబంధం రెండువైపులా పనిచేయగలదు.

5. మూర్తిమత్వం - కారణమా, ఫలితమా?

నార్వేలో 23 వేలమందికి పైగా పాల్గొన్న సర్వేను ఆండ్రియాసెన్, పాలెసెన్, గ్రిఫిత్స్ 2017లో ప్రచురించారు. వ్యసనస్థాయి వినియోగానికి ఆత్మమోహంతో అనులోమసంబంధం, ఆత్మగౌరవంతో విలోమసంబంధం ఉన్నట్లు అందులో తేలింది. తనను తాను గొప్పగా చూపుకోవాలన్న తపన, లోలోపల తక్కువన్న భావన పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటికీ ఇతరుల మెప్పే ఆహారం.

ఉద్వేగ అస్థిరత ఎక్కువగా ఉన్నవారు సమస్యాత్మక వినియోగానికి ఎక్కువగా లోనవుతారని, కర్తవ్యనిష్ఠ ఉన్నవారు తక్కువగా లోనవుతారని అనేక అధ్యయనాలు చూపాయి. అయితే సహసంబంధం కారణకార్యసంబంధం కాదు. దిగులుపడే స్వభావం ఉన్నవాడు ఫోనును ఆశ్రయించవచ్చు. ఫోను ఆ దిగులును పెంచవచ్చు. కుటుంబంలోని ఆర్థిక ఒత్తిడి రెండింటికీ మూలం కావచ్చు.

ఇంతమాత్రాన మూర్తిమత్వానికి ప్రమాదమే లేదనుకోరాదు. 92 దీర్ఘకాలిక అధ్యయనాలను క్రోడీకరించి రాబర్ట్స్, సహపరిశోధకులు 2006లో చేసిన విశ్లేషణ ప్రకారం, మూర్తిమత్వ లక్షణాల్లో అధికమైన మార్పు 20–40 ఏళ్ల మధ్య జరుగుతుంది. కర్తవ్యనిష్ఠ, ఉద్వేగస్థిరత బాధ్యతల మధ్య పెరిగేది ఆ కాలంలోనే. ఒక పనిని చివరివరకు చేయడం, విసుగును ఓర్చుకోవడం, భేదాభిప్రాయాన్ని ఎదుటపడి మాట్లాడుకోవడం వంటి అభ్యాసాలకు దక్కవలసిన సమయాన్ని తెర హరిస్తే, నష్టం వెంటనే కనిపించదు. ఏళ్లు గడిచాక తెలుస్తుంది.

6. కామారెడ్డి, ఎల్లారెడ్డి నేపథ్యం:

కామారెడ్డి 44వ జాతీయరహదారిపై హైదరాబాదు, నిజామాబాదుల మధ్య ఉన్న వాణిజ్యకేంద్రం. ఎల్లారెడ్డి వ్యవసాయప్రాంతానికి కేంద్రమైన చిన్నపట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. వ్యవసాయం, బీడీలు చుట్టడం, గల్ఫ్ దేశాలకు వలస ఈ జిల్లా కుటుంబాలకు ముఖ్యమైన జీవనాధారాలు. ఇక్కడి విద్యార్థుల ఆత్మభావనను పరిశీలించేటప్పుడు నాలుగు విషయాలను గమనించాలి.

మొదటిది వలస. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్న ఇంట్లో వీడియోకాల్ విలాసం కాదు; కుటుంబాన్ని కలిపి ఉంచే దారం. అలాంటి ఇంట్లో గడిచిన ‘ఫోనుసమయాన్ని’ రీల్స్ చూసిన సమయంతో కలిపి లెక్కించడం అశాస్త్రీయం. కాగా, గల్ఫ్‌లో ఉన్న యువకుడు ఎత్తైన భవనాల ముందు దిగిన ఫోటోలో అతడి కార్మికశిబిరం కనిపించదు. ఆ ఫోటోతో పోల్చుకొని ఊళ్లో ఉన్న మిత్రుడు తన చదువును తక్కువగా భావించే అవకాశం ఉంది.

రెండవది లింగభేదం. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా అంతర్జాలాన్ని వాడిన పురుషులు 57.4 శాతం కాగా, స్త్రీలు 26.5 శాతమే. ఆ తరువాత వాడకం పెరిగినా, ఫోనుపై అధికారం ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంది. చాలా ఇళ్లలో అమ్మాయి ఫోనును అన్నదమ్ములు తనిఖీ చేస్తారు. ఫోటో పెడితే నింద, పెట్టకపోతే వెనుకబాటన్న భావన - ఈ రెండింటి మధ్య ఆమె ఆత్మభావన నలుగుతుంది. ఒంటిరంగును తెలుపుచేసే ఫిల్టర్లు పాత వివక్షనే కొత్త పరికరంతో కొనసాగిస్తున్నాయి.

మూడవది భాష. సినిమాల్లో చాలాకాలం హాస్యానికి పరిమితమైన తెలంగాణ మాండలికం సామాజికమాధ్యమాల్లో గౌరవం పొందింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’, అందులో నటించిన గంగవ్వకు లభించిన ఆదరణ ఇందుకు నిదర్శనం. తన ఊరి యాస, తన ఇంటి అమ్మమ్మవంటి ముఖం తెరమీద మన్నన పొందడం గ్రామీణ యువత ఆత్మభావనకు బలమివ్వగలదు. మాధ్యమం అద్దమైతే, అందులో ఎవరి ముఖం కనిపిస్తుందన్నది ముఖ్యం.

నాలుగవది ఉపాధి. కుటుంబంలో మొదటిసారిగా డిగ్రీ చదువుతున్న విద్యార్థికి, చదువుకు ఫలితం ఎలా ఉంటుందో చెప్పే అనుభవజ్ఞులు ఇంట్లో ఉండరు. ఉద్యోగం వచ్చినవారి పోస్టులే అతడికి కొలబద్దలవుతాయి. ఎంపికకాని వేలమంది పోస్టులు పెట్టరు గనుక తానొక్కడే విఫలుడినని భావిస్తాడు. చదువు మానేయడం, తరగతిలో నోరు విప్పకపోవడం, స్నేహితులనుంచి తప్పుకోవడం ఈ భావనకు పర్యవసానాలు కావచ్చు.

7. అధ్యయనవిధానానికి సూచనలు:

ఈ రెండు పట్టణాల్లో క్షేత్రపరిశోధన చేసేవారు మోరిస్ రోసెన్‌బర్గ్ 1965లో రూపొందించిన 10 అంశాల ఆత్మగౌరవమాపనిని, 6 అంశాల బెర్గెన్ సామాజికమాధ్యమ వ్యసనమాపనిని ఉపయోగించవచ్చు. బెర్గెన్ మాపని గంటలను లెక్కించదు. ఎప్పుడూ అదే ధ్యాస, వాడకం అంతకంతకు పెరగడం, సమస్యను మరచిపోవడానికి వాడటం, తగ్గించుకోలేకపోవడం, ఆపితే చిరాకు, చదువుకు నష్టం అన్న ఆరు లక్షణాలను అడుగుతుంది. ప్రశ్నలను తెలుగులోకి మార్చి, వేరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి సరిచూడాలి. విద్యార్థులు చెప్పే గంటలకు బదులు ఫోనులో నమోదైన సమయాన్ని, వారి అనుమతితో, స్వీకరించడం మేలు. మాట్లాడుకోవడం, చూడటం, పోస్టు చేయడం వేరువేరుగా లెక్కించాలి. ఒకేసారి చేసే సర్వేకంటె ఏడాది వ్యవధిలో రెండుసార్లు చేసే సర్వే కారణానికి, ఫలితానికి మధ్య క్రమాన్ని కొంతవరకైనా చూపగలదు.

8. ముగింపు:

ఈ పరిశీలనవల్ల కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

• అధికవినియోగానికి, తక్కువ ఆత్మగౌరవానికి సంబంధం ఉంది. కాని సగటున అది స్వల్పం. వ్యక్తినిబట్టి, వయసునుబట్టి మారుతుంది. 19 ఏళ్ల ప్రాంతం సున్నితమైన దశ.

• ఆత్మభావన త్వరగా చలిస్తుంది; మూర్తిమత్వం నెమ్మదిగా రూపొందుతుంది. మొదటిదానికి తోటివారి మాట, రెండవదానికి దీర్ఘకాలిక అభ్యాసం అవసరం.

• ఫోనును లాక్కోవడం పరిష్కారం కాదు. పరిచయం లేనివారి ఖాతాలను తగ్గించుకోవడం, పడకదగ్గర ఫోను లేకుండా చూసుకోవడం, చూసినదాని వెనుక కనిపించనిదేమిటో ప్రశ్నించుకోవడం ఆచరణసాధ్యాలు.

• కళాశాలల్లో ఎన్.ఎస్.ఎస్., క్రీడలు, నాటకం, క్షేత్రపర్యటనలు విద్యార్థికి అంకెలతో పనిలేని గుర్తింపునిస్తాయి. పూర్వవిద్యార్థులు తమ అపజయాలనుకూడా వివరించే సమావేశాలు తులనను సమతూకంలో ఉంచుతాయి.

• దిగులు వారాల తరబడి వీడకపోతే దానిని ఫోను అలవాటుగా కొట్టివేయరాదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 2014 నుంచి సాంకేతికత వినియోగ సమస్యలకు ప్రత్యేక చికిత్సాకేంద్రం ఉంది.

యువత సామాజికమాధ్యమంలో వెదకుకొంటున్నది వినోదాన్ని మాత్రమే కాదు, గుర్తింపును కూడా. ఆ గుర్తింపు ఇంట్లో, తరగతిలో, ఊళ్లో దొరికినంతమేరకు తెరమీది అంకెలకున్న బలం తగ్గుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల కళాశాలల్లో అధ్యాపకునికి విద్యార్థి పేరు, ఊరు, కుటుంబపరిస్థితి తెలిసి ఉండే అవకాశం మహానగరాల్లోకంటె ఎక్కువ. ఆ పరిచయమే ఈ సమస్యకు ఇక్కడ అందుబాటులో ఉన్న ప్రథమ సాధనం.