బ్రిక్సు, పోలు, ఒక దొరసాని కథ

ఆదివారం ఆరాధన అయి, భోజనాలు ముగించి నడుం వాలుద్దామనుకుంటుంటే మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. డిగ్రీ రెండో ఏడు, జువాలజీ.

"తాతయ్యా, సాయంత్రం యూత్ మీటింగులో నేను మాట్లాడాలి. ఇది చదువుతా, ఎలా ఉందో చెప్పు" అంది.

చదివింది. పరిణామ సిద్ధాంతం రాసిన డార్విన్ చావుకు ముందు మంచం మీద బైబిలు చదువుకుంటూ, తాను రాసిందంతా తప్పని ఒప్పుకుని ప్రభువుని నమ్ముకున్నాడట. ఆమెన్ అనేవాళ్లు పదిమందికి పంపాలట.

"ఎలా ఉంది?"

"తియ్యగా ఉందమ్మా. పోలు ఎంతో చూద్దాం, కూర్చో" అన్నాను.

నేను పంచదార ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ మొదలైన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల చెరకు రైతుల ఇళ్లల్లో బ్రిక్సు, రికవరీ అనే మాటలు తెలుగు మాటలైపోయాయి. పోలు అనే మాట మాత్రం ల్యాబు గడప దాటి పెద్దగా బయటికి రాలేదు. అసలు సంగతంతా అందులోనే ఉంది.

నీళ్ల గ్లాసులో చెంచా పెడితే విరిగినట్టు కనిపిస్తుంది కదా. వెలుగు గాలిలోంచి నీళ్లలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది. నీళ్లలో ఏదన్నా కరిగి ఉంటే ఇంకాస్త ఎక్కువ వంగుతుంది. బ్రిక్సు మీటరు చూసేది ఆ వంపునే. చుక్క రసం అద్దం మీద వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే ఇరవై అనో పద్దెనిమిది అనో అంకె కనిపిస్తుంది. అంటే వంద గ్రాముల రసంలో ఇరవై గ్రాముల సరుకు కరిగి ఉందన్నమాట. ఏం సరుకో దానికి తెలియదు. చెరకు రసం బదులు ఉప్పునీళ్లు వేసినా బుద్ధిగా అంకె చూపిస్తుంది.

పోలు చూసే పద్ధతి వేరు. తాడు ఒక కొసని అవతల కట్టి, కిటికీ ఊచల మధ్య నుంచి ఇవతలికి తెచ్చి ఊపామనుకో. నిలువు ఊచల సందులోంచి నిలువుగా ఊగే అలే దాటుతుంది, అడ్డంగా ఊగేది ఆగిపోతుంది. వెలుగుని కూడా అలాంటి సందులోంచి పంపి ఒకే తీరున ఊగేలా చెయ్యవచ్చు. ఆ వెలుగు పంచదార నీళ్లలోంచి వెళ్తే దాని ఊగే తీరు కుడివైపుకి కొంచెం తిరిగిపోతుంది. ద్రవాలు వెలుగుని ఇలా తిప్పుతాయని ఫ్రాన్సులో బియో అనే శాస్త్రవేత్త 1815లో కనిపెట్టాడు. ఉప్పు వెలుగుని తిప్పదు. బూడిద పదార్థాలు తిప్పవు. ఎంత తిరిగిందో కొలిస్తే రసంలో అసలు పంచదార ఎంతో తెలుస్తుంది. అదే పోలు. పోలుని బ్రిక్సుతో భాగించి వందతో హెచ్చవేస్తే వచ్చేది ప్యూరిటీ, అంటే స్వచ్ఛత. బ్రిక్సు 20, పోలు 17 అయితే ప్యూరిటీ 85. మంచి రసం.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక లోడు చెరకు వచ్చింది. కొట్టి అయిదారు రోజులైంది, ఎండలో పడి ఉంది. రసం తీసి బ్రిక్సు చూస్తే 21. నాలుక మీద వేసుకుంటే పాకంలా ఉంది. బ్రహ్మాండమైన చెరకు అని రాసేశాను. మా పెద్ద కెమిస్టు గారు ఏమీ అనలేదు. పోలు చూడవయ్యా అన్నారు, అంతే. చూస్తే 15. ప్యూరిటీ 71కి పడిపోయింది.

ఏమైందో తర్వాత వివరించారు. కొట్టిన చెరకులో నీరు ఆరిపోతుంది కాబట్టి రసం చిక్కబడి బ్రిక్సు పెరుగుతుంది. అదే సమయంలో చెరకులోని ఎంజైము పంచదారను రెండుగా విరగ్గొడుతుంది. ఒకటి గ్లూకోజు, రెండోది ఫ్రక్టోజు. ఈ ఫ్రక్టోజు వెలుగుని ఎడమవైపుకి బలంగా తిప్పుతుంది. స్వచ్ఛమైన పంచదార తిప్పుడు లెక్కలో 66 డిగ్రీలు కుడికి ఉంటే, మొత్తం విరిగిపోయిన పంచదారది దాదాపు 20 డిగ్రీలు ఎడమకి. తీపి మాత్రం పోదు. ఫ్రక్టోజు పంచదార కంటే తియ్యన కూడాను. నాలుకా మోసపోయింది, మీటరూ మోసపోయింది. ఆ రసాన్ని పాన్‌లో ఎంత కాచినా రావలసినంత పంచదార రాదు, ఎక్కువ భాగం మడ్డిలోకే పోతుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి యాకోబు పత్రిక మూడో అధ్యాయం చదువుకుంటుంటే ఒకచోట ఆగిపోయాను. పైనుంచి వచ్చే జ్ఞానానికి గుర్తులు వరసగా చెబుతూ ఆయన మొట్టమొదట పెట్టింది స్వచ్ఛత. సమాధానం, మెత్తదనం, నచ్చచెబితే వినే గుణం, కనికరం, మంచి ఫలాలు, పక్షపాతం లేకపోవడం, వేషం లేకపోవడం అన్నీ దాని తర్వాతే. తీపి ఆ వరసలోనే లేదు. పైనుంచి రాని రెండో రకం జ్ఞానాన్ని దేనితో పట్టుకోవాలో కూడా చెప్పాడు. అసూయ, నా మాటే నెగ్గాలన్న పంతం ఎక్కడుంటే అది పైనుంచి దిగి వచ్చింది కాదు. అది ఎంత భక్తిగా మాట్లాడినా సరే.

"బాగానే ఉంది గానీ, డార్విన్ సంగతి చెప్పు తాతయ్యా" అంది మా పిల్ల.

డార్విన్ సంగతి చెప్పాలంటే మన కాలువ నీళ్ల దగ్గరికే రావాలి. మన ఊళ్లో గోస్తనీ పారుతోంది, చుట్టూ పొలాలకి విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన పశ్చిమ డెల్టా నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు ఇలా మళ్లడానికి 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది కాటన్ దొర. ఆయన కూతురు ఎలిజబెత్. 1842లో టాస్మేనియాలో పుట్టింది. ఇంగ్లండులో తాగుడు మానిపించడానికి పనివాళ్ల కోసం కాఫీ హోటలు నడిపి, సువార్త చెప్పి పేరు తెచ్చుకుంది. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ని పెళ్లాడి లేడీ హోప్ అయింది. తండ్రి పోయిన మరుసటి ఏడు, 1900లో, ఆయన జీవితచరిత్ర అచ్చువేయించింది. కాటన్ దొర గురించి మనకి తెలిసినదానిలో చాలా భాగం ఆ పుస్తకం పుణ్యమే.

నీ ఫోనులో ఉన్న కథకి మూలం ఆ తల్లే.

పిల్ల కళ్లు పెద్దవి చేసింది. నాకు ఆ సంగతి మొదట తెలిసినరోజు నేనూ అలాగే కూర్చుండిపోయాను.

1915లో అమెరికాలో ఒక క్రైస్తవ సభలో ఆవిడ ఈ సంగతి చెప్పింది. అక్కడి ఒక బాప్టిస్టు పత్రిక అచ్చువేసింది. తాను ఒక సాయంత్రం డార్విన్‌ని చూడ్డానికి వెళ్లాననీ, ఆయన పడకలో ఉండి హెబ్రీ పత్రిక చదువుతున్నాడనీ, కుర్రతనంలో రాసినదాన్ని జనం మతంలా పట్టుకున్నారని బాధపడ్డాడనీ, తోటలో పనివాళ్లని పోగుచేసి యేసుక్రీస్తు గురించి చెప్పమన్నాడనీ ఆవిడ మాట. చావు మంచం అని ఆవిడ అనలేదు. అది తర్వాత చేతులు మారుతూ అతుక్కుంది. అప్పటికి డార్విన్ పోయి 33 ఏళ్లు.

ఇప్పుడు పోలు చూద్దాం. డార్విన్ 1882 ఏప్రిల్ 19న డౌన్ గ్రామంలో తన ఇంట్లోనే పోయాడు. కూతురు హెన్రియెటా 1922లో ఒక క్రైస్తవ పత్రికకే రాసింది. చివరి గడియల్లో నేను పక్కనే ఉన్నాను, లేడీ హోప్ ఏ జబ్బులోనూ ఆయన దగ్గర లేదు, నాన్న తన శాస్త్ర సిద్ధాంతాల్లో వేటినీ వెనక్కి తీసుకోలేదు అని. కొడుకు ఫ్రాన్సిస్ కూడా కాదన్నాడు. డార్విన్ 1879లో ఒకాయనకి రాసిన ఉత్తరం ఉంది. దేవుడు లేనేలేడనే మనిషిని ఎప్పుడూ కాను, తెలియదనే వాణ్ణి అంటే సరిపోతుందని అందులో ఒప్పుకున్నాడు. వీటన్నిటికంటే నాకు బరువుగా తోచేది ఇంకొకటి. ఆయన భార్య ఎమ్మా దైవభక్తురాలు. భర్త విశ్వాసం గురించి పెళ్లినాటి నుంచీ కుమిలిపోయిన మనిషి. ఆయన చివరిరోజుల్లో ప్రభువుని అంగీకరించి ఉంటే లోకమంతటికంటే ముందు సంతోషించేది ఆవిడే. ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. అలాంటి మాట ఒక్కటి కూడా ఆవిడ నోట రాలేదు.

పోనీ, డార్విన్ నిజంగానే మాట మార్చాడనుకో. పిట్టల ముక్కులు మారతాయా? రాళ్లలో దొరికిన ఎముకలు మారతాయా? ఒక శాస్త్రసత్యం దాన్ని చెప్పిన మనిషి మంచం మీద ఏమన్నాడన్నదాన్ని బట్టి నిలబడదు, పడిపోదు. మన విశ్వాసమూ అంతే. డార్విన్ ఒప్పుకుంటేనే సత్యమయ్యేంత బలహీనమైనదైతే దాని మీద మన ఊళ్లో ఇన్ని తరాలు బతికేవాళ్లా?

ఒక సంగతి నీకు చెప్పాలి. ఇదే కథ నేను సండే స్కూల్లో చెప్పాను. ఒక ఏడు కాదు, మూడు నాలుగేళ్లు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్ల కోసమే చెప్పానని చాలాకాలానికి గాని నాకు నేను ఒప్పుకోలేదు. డార్విన్ మారాడన్న ఆనందం అందులో తక్కువ, మనవాళ్లం నెగ్గామన్న పంతం ఎక్కువ. యాకోబు పెట్టిన గుర్తు నాకే తగిలింది. నిజం తెలిశాక క్లాసులో నిలబడి, నేను చెప్పింది జరగలేదమ్మా అని చెప్పాను. ఒక పిల్లాడు ఇంకేమేం జరగలేదు సార్ అని అడిగాడు. వాడి తప్పులేదు. ఉప్పునీళ్లు కలిపిన రసం పోసింది నేనే కదా. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

నాసా కంప్యూటరు యెహోషువ కాలంలో సూర్యుడు ఆగినందుకు తప్పిపోయిన రోజుని కనిపెట్టిందన్న కథ కూడా ఇలాంటిదే. 1970 ప్రాంతాల్లో అమెరికాలో పాకింది. నాసా కాదంది. గడియారం ఎప్పుడో ఆగి మళ్లీ నడిస్తే, ఆగకుండా నడిచిన ఇంకో గడియారం పక్కన లేకుండా ఎంతసేపు ఆగిందో ఎవరూ చెప్పలేరు. కంప్యూటరైనా అంతే.

"అయితే కాటన్ దొర కూతురు చెడ్డదా?" అని అడిగింది మా పిల్ల.

నేను అలా అనను. ఎందరి చేతనో తాగుడు మానిపించిన చెయ్యి అది. అందుకే మనకి మరీ జాగ్రత్త కావాలి. మంచివాళ్ల నోట్లోంచి వచ్చింది కదా అని పోలు చూడడం మానకూడదు. పౌలు అంతటివాడు చెబితేనే బెరయ వాళ్లు రోజూ లేఖనాలు తీసి అలా ఉందా లేదా అని చూసుకున్నారు. బైబిలు వాళ్లని తప్పుపట్టలేదు, మెచ్చుకుంది. పరీక్షించండి అని పౌలు థెస్సలొనీక వాళ్లకి రాసినప్పుడు వాడిన గ్రీకు మాట, నాణెం మంచిదో కాదో గీసి చూడడానికి వాడే మాటే.

ఆవిడ తండ్రి కాటన్ దొర సంగతి చూడు. గోదావరి అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద, లంకలు తీసేస్తే మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు ఆనకట్ట ఆ ఇసుక మీదే నిలిచింది.

"మరి ఇసుక మీద ఇల్లు కట్టేవాడు బుద్ధిలేనివాడని ప్రభువు అన్నాడు కదా!"

మంచి ప్రశ్న. పాలస్తీనాలో వాగులు ఎండాకాలం ఎండిపోయి చదునుగా, ఇసుక పరిచిన దొడ్డిలా ఉంటాయి. అక్కడ ఇల్లు కట్టడం తేలిక. వాన పడితే గంటల్లో వరద. ఆయన చెప్పింది విని చేసేవాడి గురించి, విని చెయ్యనివాడి గురించి. ఆనకట్ట కట్టడం గురించి కాదు. ఆ మాట పట్టుకుని కాటన్ దొర పని మానేసి ఉంటే, నందన నామ సంవత్సరపు కరువు చూసిన ఈ నేల అలాగే ఉండిపోయేది. ఇసుకలో ఇటుక బావులు దింపి, బరువంతా వెడల్పుగా పరిచి, దిగువన విడి రాళ్లు గుట్టలుగా పోయించాడు. నీరు కోసిన చోటికి ఆ రాళ్లే జారి గుంత పూడుస్తాయి. ఈ విద్య ఆయనకి ఇంగ్లండులో రాలేదు. కావేరి మీద చోళరాజుల కాలపు కల్లణైని చూసి నేర్చుకున్నాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం పాత కాలపు ఈ దేశస్థులే మాకు నేర్పారని తర్వాత నోరారా చెప్పాడు కూడా. పాలించే జాతివాడు, పాలితుల తాతల దగ్గర నేర్చుకున్నానని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. జ్ఞానం ఉన్నవాడు దాన్ని సాత్వికంతో చూపించాలని యాకోబు అదే అధ్యాయంలో అన్నది ఇలాంటి మనిషి గురించే అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి మర్చిపోయాను. పోలుని కూడా మోసం చేసేది ఉంది. పాసిపోయిన చెరకులో ఒక సూక్ష్మజీవి చేరి డెక్స్‌ట్రాన్ అనే జిగురు తయారుచేస్తుంది. అది వెలుగుని పంచదార కంటే మూడింతలు కుడికి తిప్పుతుంది. అంకె చూస్తే పోలు బ్రహ్మాండం. పాన్‌లోకి వెళ్లాక గాని బయటపడదు. గింజ త్వరగా కట్టదు, కట్టినా సూదిలా సాగిపోతుంది. చివరికి గింజే తేల్చాలి. ప్రభువు చెట్టుని పండు బట్టి తెలుసుకోమన్నాడు, దానికి కొంత కాలం పడుతుంది.

ఇదంతా వింటూనే మా పిల్ల ఫోను తీసి చకచకా ఏదో కొడుతోంది. యూత్ గ్రూపులో పెట్టడానికి. కథ పంపిన అన్నయ్య పేరు పెట్టి, ఇది పచ్చి అబద్ధం, చదువుకున్నవాళ్లు ఇలాంటివి పంపిస్తారా అని ఉంది. ముఖం ఎర్రబడింది. సాయంత్రం అందరి ముందూ ఇదే చదివి ఉండేదాన్నని రోషం.

"పచ్చి రసం పోలారిమీటరు గొట్టంలో పోస్తే ఏం కనిపిస్తుందో తెలుసా?" అన్నాను. "ఏమీ కనిపించదు. నల్లగా ఉంటుంది. కాస్త సీసపు ఉప్పు కలిపి, మలినాలు విరిగి అడుక్కి దిగాక వడగట్టాలి. అప్పుడు గాని వెలుగు దూరదు."

కాసేపు ఊరుకుంది. రాసింది చెరిపేసింది. తోడబుట్టినవాడి తప్పు ముందు అతనికి ఒంటరిగా చెప్పమన్న మాట మత్తయిలో ఎక్కడుంది తాతయ్యా అని అడిగి, తనే తీసి చూసుకుంది.

మీటింగు ఆరింటికి. అయిదింటికే స్కూటీ తీసింది. ముందు ఆ అన్నయ్య వాళ్లింటికి వెళ్తానంది. గేటు వేద్దామని వచ్చి చూస్తే ఫోను బల్ల మీదే వదిలేసి వెళ్లింది.