కొత్త టైరు, కొత్త లెక్క

కొండగట్టు అంజన్న దగ్గర కొత్త బండికి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి వచ్చేవాళ్లకు బండి సంగతి గుట్ట దిగేటప్పుడే తెలుస్తుంది. అది బ్యాటరీ బండి అయితే, దిగుతుంటే మోటారే జనరేటరై చక్రాన్ని బిగపట్టి, కాస్త కరెంటు బ్యాటరీకి తిరిగిస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ బ్యాటరీ కార్ల రేసుకు ఈ సూత్రమే ఆయువుపట్టు. ఆ రేసు పేరు తర్వాత రాజకీయ వార్తల్లోనే ఎక్కువ నలిగింది, అందులోని సైన్సు ఎవరికీ పట్టలేదు.

ఆ సీజన్‌లో జట్లకు అన్నీ ఒక్కసారే మారాయి. మూడో తరం కారు వచ్చింది. మిషెలిన్ టైర్లు పోయి హాంకూక్ టైర్లు వచ్చాయి. కారు బరువు డ్రైవరుతో కలిపి 840 కిలోలకు తగ్గింది, గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లకు పెరిగింది. బ్రేకు వేస్తే మాత్రం ముందు, వెనుక మోటార్లు కలిసి 600 కిలోవాట్ల దాకా వెనక్కి రాబట్టగలవు. ఉరకడానికి ఉన్న బలం కంటే ఆగడానికి ఉన్నదే ఎక్కువన్నమాట! అందుకే తొలి రూపకల్పనలో వెనుక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. అత్యవసర బ్రేకును తర్వాత చేర్చారు.

చిక్కంతా టైరు దగ్గరే వచ్చింది. ఎండకైనా వానకైనా గాట్లున్న ఆ ఒక్క రకమే వాడాలి. కొత్త రబ్బరు గట్టిది, బాగా మన్నుతుంది, కానీ పట్టు తక్కువని డ్రైవర్లు గొణిగారు. పట్టు చాలని చోట వెనుక మోటారు గట్టిగా బిగిస్తే చక్రం తిరగడం మానేసి జారుతుంది. పైగా రేసు మొదట్లో బ్యాటరీ నిండుగా ఉండి వచ్చిన కరెంటంతా తీసుకోలేదు. అప్పుడు ముందు చక్రాల మామూలు బ్రేకుల మీద భారం పడుతుంది. బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ మోటార్ల వాటా పెరుగుతుంది. అదే పెడల్‌ను అంతే నొక్కినా మొదటి ల్యాపులోనూ చివరి ల్యాపులోనూ కారు ఒకేలా ఆగాలంటే ఈ వాటాలను క్షణక్షణం సాఫ్ట్‌వేరే పంచాలి. బ్యాటరీ, టైర్లు అందరివీ ఒకటే కాబట్టి జట్లకు తెలివి చూపించుకునే చోటు వెనుక మోటారు, దాన్ని నడిపే ఈ సాఫ్ట్‌వేరు. నా దృష్టిలో అసలు రేసు అక్కడే జరుగుతుంది.

హైదరాబాద్ ట్రాక్ 2.835 కిలోమీటర్లు, 18 మలుపులు. హెయిర్‌పిన్ మలుపు దగ్గర జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. జాన్ ఎరిక్ వెర్న్ తన దగ్గర కరెంటు తక్కువే మిగిలినా, వెనకే తరుముతున్న నిక్ కాసిడీకి దారివ్వకుండా గెలిచాడు. మూడోవాడిగా వచ్చిన సెబాస్టియన్ బ్యూమీ అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తి వాడినందుకు శిక్ష పడి ఆ స్థానం పోగొట్టుకున్నాడు. అది ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది.

2024లో హైదరాబాద్‌లో మళ్లీ జరగాల్సిన రేసు రద్దయింది. 2024-25 సీజన్‌కు పట్టు ఎక్కువున్న మెత్తని టైరు వచ్చింది, కొన్ని సందర్భాల్లో నాలుగు చక్రాలనూ నడిపించే వీలు కల్పించారు. రెండేళ్లు కూర్చి పెట్టుకున్న బ్రేకు లెక్కలను జట్లు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది.