యంత్రముల నాడిపరీక్ష

తిరగలి త్రిప్పు చేతికి రాతి కక్కు అరిగిపోయిన సంగతి కంటికంటె ముందుగనే తెలియును. పిండి బరకగా పడక పూర్వమే రాయి జారుచున్న చప్పుడు మారును. పెరుగు చిలుకునపుడు వెన్న కూడుకొను సమయమును కవ్వపు సవ్వడిని బట్టియే మన పెద్దలు గ్రహించెడివారు. ఇప్పుడు అనేక గృహములలో తిరగలి మూలకు జేరినది. దాని స్థానమున మిక్సీ, బట్టలుతుకు యంత్రము, నీటి మోటారు వచ్చినవి. అయినను, “ఈదినము మోటారు చప్పుడు వేరుగా నున్నదేమి?” యని మొదట అడుగునది ఇల్లాలే. పెద్ద కర్మాగారములలో ఇంజనీర్లు విశేషధనము వెచ్చించి చేయు పనియు నిదియే యన్నచో మన సోదరీమణులు నవ్వుదురేమో, కాని యథార్థమిది.

తిరుగు యంత్రమేదైనను కొంత కంపింపక మానదు. ఆ కంపనము ఎంత, ఏ వేగమున, నిన్నటికంటె హెచ్చినదా యనునవే ప్రశ్నలు. నిమిషమునకు 300 చుట్లు తిరుగు పంకా రెక్కలలో నొకదానిపై దుమ్ము హెచ్చుగా పేరుకొన్నచో, ఆ పంకా సెకనునకు 5 మారులు ఊగును. కలిపి బిగించిన రెండు ఇరుసులు సూటిగా లేనిచో, తరచుగా తిరుగు వేగమునకు రెట్టింపు వేగమున కంపనము కనబడును. బేరింగులో గుండ్లు దొర్లు త్రోవలో నొక చిన్న గుంట పడినచో, ప్రతి గుండును దానిని దాటునపుడెల్ల టిక్కుమనును. ఆ టిక్కు మన చెవికి అందకమునుపే పరికరమునకు అందును. ఇట్లు ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క లక్షణము కలదు.

ఆ పరికరము మనకు క్రొత్తది కాదు. కొన్ని గ్యాసు లైటర్లను నొక్కగనే టప్పున నిప్పురవ్వ పుట్టును గదా! దానిలోని చిన్న బిళ్ళకు దెబ్బ తగిలినంతనే విద్యుత్తు జనించును. స్ఫటికములకు గల ఈ ధర్మమును 1880లో ఫ్రాన్సునందు జాక్ క్యూరీయు, ఆయన తమ్ముడు పియరీ క్యూరీయు కనుగొనిరి. ఈ పియరీయే తరువాత మేరీ క్యూరీకి భర్త యైనాడు. యంత్రపు బేరింగు పెట్టెపై అట్టి బిళ్ళగల పరికరమును బిగింతురు. యంత్రమదరినప్పుడెల్ల అది అల్పమైన విద్యుత్తును పుట్టించును. కచేరీలో తంబురా, ఫిడేలు, మృదంగము కలిసి మ్రోగుచున్నను రసజ్ఞులు దేని నాదమును దానిగా గుర్తించునట్లు, కంప్యూటరు ఆ కలగాపులగపు కంపనమును పాయలుగా విడదీయును. ఇందలి గణితమునకు మూలము ఫ్రెంచి పండితుడగు ఫూరియే 1822లో ఉష్ణమును గూర్చి ప్రకటించిన గ్రంథము.

ఒక్కనాటి కొలతవలన ప్రయోజనము స్వల్పము. జ్వరము చూచు వైద్యుడు నిన్నటి వేడిమిని అడిగినట్లే, ఇచ్చటను పాత లెక్క లేనిదే క్రొత్త లెక్కకు అర్థము లేదు.

లెక్కను లక్ష్యపెట్టనిచో ఏమగునో సైబీరియాలో జరిగిన యొక ఘోరము తెలుపుచున్నది. అచ్చట యెనిసెయి నదిపై సయానో-షుషెన్‌స్కయా అను గొప్ప జలవిద్యుత్కేంద్రము కలదు. అందు 10 యంత్రములు; ఒక్కొక్కటి నిమిషమునకు సుమారు 143 చుట్లు తిరుగునట్టిది. ఇట్టి యంత్రములకు కొన్ని మధ్యరకపు భారములు సరిపడవు. అప్పుడు చక్రము క్రింద నీరు త్రాడువలె మెలితిరిగి యంత్రమును కుదుపును. 2009 ఆగస్టు 16వ తేది రాత్రి రెండవ యంత్రమును హెచ్చించుచు తగ్గించుచు ఆ అపాయపు మేరను పలుమారులు దాటించిరి. మరునాటి ఉదయము 8 గంటల 13 నిమిషములకు దాని మూత ఊడి ఎగిరిపోయినది. వేయి టన్నులకు మించిన యంత్రభాగము పైకి లేచెను. నీరు శాలను ముంచివైచెను. విద్యుత్తు నిలిచిపోగా, కొందరు ఉద్యోగులు ఆనకట్ట పైభాగమునకు పోయి తలుపులను చేతులతో దింపవలసి వచ్చెను. 75 మంది మృతినొందిరి.

విచారణలో తేలిన దేమనగా, ఆ మూతను బిగించిన మరలు ఎడతెగని కంపనముచే లోలోపల అలసి పగిలియుండెను. పరీక్షించిన 49 మరలలో 41 టికి అట్టి పగుళ్ళు కనబడెను. ఒక బేరింగువద్ద కంపనము మైక్రోమీటర్లలో 160 దాటరాదని నియమముండగా, ఆ ఉదయమున 840 అని పరికరము చూపుచుండెను. వెండ్రుకలు రెండింటి మందము ఉండవలసిన చోట అది దాదాపు ఒక మిల్లీమీటరైనదన్న మాట. ఆ పరికరమే చెడియున్నదనియు, యంత్రము నిలిచియున్నపుడును హెచ్చు అంకెనే చూపెడిదనియు కొందరు నిపుణులు వాదించిరి. మా దృష్టిలో ఇది మరింత భయంకరము. చెడినదని తలచిన పరికరమును బాగుచేయింపక గోడకు వ్రేలాడ నుంచుటకంటె, అది లేకుండుటయే మేలు. లేనిచో ఎవరైన చేయి యానించి చూచెడివారేమో! ఆ కేంద్రమును పూర్తిగా బాగుచేయుటకు 2014వ సంవత్సరము వరకు పట్టినది.

యంత్రమునకు చేయు పరీక్ష దానిచెంత నిలుచు మానవునకు జరుగుచున్నదా? రైసుమిల్లు, నూలుమిల్లు, క్రషర్ల చెంత పనిచేయు వారిండ్లలోని స్త్రీలు ఇది తప్పక తెలిసికొనవలెను. 85 డెసిబెళ్ళ రొదలో దినమునకు 8 గంటలకు మించి ఉండరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫారసు. రొద 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిమారును కాలమును సగము చేయవలెను; ఆ లెక్కను 100 వద్ద మిగులునది 15 నిమిషములు మాత్రమే. లోచెవిలో శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు ఒకమారు నశించినచో తిరిగి మొలవవు. నొప్పి యుండదు గనుక రోగికి తెలియదు.

ముందుగా పోవునవి సన్నని స్వరములు. పిచ్చుక కూత, పసిపిల్ల గొంతు, మాటలలోని స, శ వంటి అక్షరములు అందవు. లావు గొంతుకలు మాత్రము వినబడుచునే యుండును. అందుచే ఆ మనిషి, “నాకు బాగుగనే వినబడుచున్నది, మీరే గొణుగుచున్నా” రనును. టెలివిజను చప్పుడు నానాటికి పెంచును. అట్టి భర్తను గాని, కుమారుని గాని కోపగించుకొనక, పనిలో చెవులకు బిరడాలు పెట్టుకొనుచున్నాడా యని యడిగి, పెద్ద ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించి, ఆ కాగితమును భద్రపరచి, మరుసటి సంవత్సరపు కాగితముతో పోల్చి చూడవలయును.