కామా ఎక్కడ?

మన తాళపత్ర గ్రంథములలో కామా లేదు. పదములనైనను విడదీయక వ్రాసెడివారు. కామా అచ్చుతోపాటు ఐరోపానుండి వచ్చినది; దాని వెంట ఆంగ్లపు సూత్రములును వచ్చినవి. వానిని 6, 7 తరగతుల పిల్లలచే వల్లెవేయించుట వలన ప్రయోజనము స్వల్పము. "రాముడును లక్ష్మణుడును వచ్చిరి" అనినచో సముచ్చయమే పని నెరవేర్చుచున్నది. కామాకు అక్కడ పనిలేదు.

అసలు పని వేరొకచోట గలదు. "రాజు నవ్వుచు పరుగెత్తుచున్న తమ్ముని పిలిచెను." నవ్వినదెవరు? "నవ్వుచు" తరువాత కామా ఉన్నచో రాజు. "రాజు" తరువాత ఉన్నచో తమ్ముడు. ఈ వాక్యమును పిల్లలచే రెండు విధములుగను బిగ్గరగా చదివింపవలెను. చెవికి తెలిసిన భేదమును కన్ను త్వరగా పట్టుకొనును. మైకు ముందు చదివెడి మేము ప్రసంగ ప్రతిలో ముందుగా గుర్తు పెట్టుకొనునవి ఇట్టి తావులే. శ్రోతకు కాగితము కనబడదు గదా! ఇంటివద్ద తల్లిదండ్రులును దినపత్రికలోని ఒక పొడుగు వాక్యముతో ఈ పని చేయింపవచ్చును. అయితే ఊపిరికై ఆగిన ప్రతిచోట కామా పెట్టించరాదు. "మా నాన్నగారు, వచ్చిరి" వంటి వ్రాతలు అట్లు పుట్టినవే.

పరీక్షలో కామాలు లెక్కించి మార్కులు తగ్గించుట మాకు సమ్మతము కాదు. కామాలు తీసివేసిన వాక్యము నిచ్చి, రెండర్థములు వచ్చునట్లు రెండుమార్లు వ్రాయుమనుడు; ఏ కామా ఏ అర్థము నిచ్చినదో చెప్పుమనుడు. మార్కులలో సగము ఆ సమాధానమునకే కేటాయింపవచ్చును. ఉపాధ్యాయుడు ఊహింపని చోట కామా పెట్టి, తగిన కారణము చెప్పిన బాలికకు పూర్తి మార్కులు ఈయవలెను.