కామ్ కొత్తదే... మరి గేరు సంగతి?

మెకానికల్ డిప్లొమా చేతికొచ్చింది. చెన్నై శివార్లలోని ఓ ఇంజన్ వర్క్‌షాపు ఇంటర్వ్యూకి పిలిచిందనుకోండి. ఎదురుగా కూర్చున్నాయన నాలుగు స్ట్రోకుల పేర్లు చెప్పమనలేదు. ‘ఇంజన్‌లో మంచి స్టీల్ కామ్‌షాఫ్ట్ వేశారు. నెల తిరక్కుండానే డిస్ట్రిబ్యూటర్ గేరు పళ్లు కత్తుల్లా అరిగిపోయాయి. తప్పు కామ్‌దా, గేరుదా?’ అని అడిగాడు. మీరేం చెబుతారు?

గేరు నాసిరకం అనేస్తారు చాలామంది. నిజానికి రెండూ మంచివే కావచ్చు. జత కుదరలేదు, అంతే! ఈ ‘జత’ సంగతి తెలిసినవాళ్లకు ఇంజన్ షాపుల్లో ఉన్న గిరాకీ వేరు.

ఆత్మకూరులోనో, ఉదయగిరిలోనో ఉండే మాకు రేసు ఇంజన్ల గొడవ ఎందుకంటారా? ఆగండి. మీ ఊళ్లో పాత జీపు ఉంది, ఎవరింట్లోనో అంబాసిడర్ ఉంది, ట్రాక్టర్లకైతే లెక్కే లేదు. వీటన్నిటిలోనూ కామ్‌షాఫ్ట్‌ను గేర్లో చైనో తిప్పుతుంది. ఆ కామ్‌షాఫ్టే మళ్లీ ఇంకో పనిముట్టును తిప్పుతుంది. రేసు ఇంజన్‌లో పది గంటల్లో బయటపడే తప్పు, వీటిలో ఏడాదికి బయటపడుతుంది. తేడా అంతే.

ముందు కామ్ సంగతి చూద్దాం. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీది ఉబ్బు వాల్వును ఎంత ఎత్తుకు లేపుతుందో అది లిఫ్ట్. ఎన్ని డిగ్రీలపాటు తెరిచి ఉంచుతుందో అది డ్యూరేషన్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు వాల్వులూ కలిసి తెరుచుకుని ఉండే కాసేపు ఓవర్‌లాప్. ‘ఎంత పెద్ద కామ్ వేస్తే అంత పవర్’ అనుకునేది ఇక్కడే, దెబ్బతినేదీ ఇక్కడే. డ్యూరేషన్ పెంచితే పవర్ పై వేగాలకు జరుగుతుంది. కింది వేగాల్లో లాగుడు పోతుంది, ఐడ్లింగ్ నిలవదు. ఉదయగిరి నుంచి సీతారాంపురం వైపు సరుకు వేసుకుని వెళ్లే జీపుకు అలాంటి కామ్ వేశారంటే, మొదటి గేరులోనే ఉసూరుమంటుంది.

కేటలాగులో ఇంకో మెలిక ఉంది. ఒకరు 280 డిగ్రీలంటారు, ఇంకొకరు 230 అంటారు. రెండూ దాదాపు ఒకే కామ్ కావచ్చు. వాల్వు కాస్త కదలగానే కొలిచింది మొదటి అంకె. ట్యాపెట్ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు లేచాక కొలిచింది రెండోది. పోల్చదలిస్తే రెండో అంకెనే పోల్చాలి.

కస్టమ్ కామ్ అంటే కొత్త కామ్ కొనడం కాదు, చెప్పి చేయించుకోవడం. దర్జీకి కొలతలిచ్చినట్టే గ్రైండర్‌కు మీరు వివరాలివ్వాలి. బండి బరువు, గేరు నిష్పత్తి, కంప్రెషన్, రాకర్ నిష్పత్తి, హెడ్‌లో గాలి ఎంత వెళుతుంది, ఇంజన్ ఎక్కువసేపు ఏ వేగంలో తిరుగుతుంది... ఆ చివరి ప్రశ్నకు నిజం చెప్పేవాళ్లు తక్కువ. అందరూ ఏడువేల ఆర్‌పీఎం అంటారు, నడిపేది మూడువేలల్లో!

ఇంజినీరింగ్ విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ ఫార్ములా భారత్. విద్యార్థులు తయారుచేసిన కార్ల పోటీ ఇది, కోయంబత్తూరులోని కారి ట్రాక్ మీద జరుగుతోంది. ఇలాంటి ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో ఇంజన్ 710 సీసీ దాటకూడదు. పెట్రోలు ఇంజన్‌కు గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వెళ్లాలి. గొంతు నొక్కిన ఇంజన్‌కు పై వేగాల కామ్ దేనికి? అందుకే అక్కడ ఓవర్‌లాప్ తక్కువున్న, మధ్య వేగాల్లో లాగే కామ్ వైపు ఆలోచించాలి. బాజా పోటీలో అయితే ఇచ్చిన ఇంజన్‌ను ముట్టుకోనివ్వరు కాబట్టి ఆ బెంగే లేదు.

కామ్ వచ్చాక కొలతలు మొదలు. పిస్టన్ నెత్తిన మట్టిముద్ద పెట్టి ఇంజన్‌ను చేత్తో తిప్పి, ముద్ద మీద వాల్వు పడిన చోట మందం కొలుస్తారు. ఇన్‌టేక్ వైపు సుమారు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. ఫ్లాట్ ట్యాపెట్ కామ్ అయితే మొదటి ఇరవై, ముప్పై నిమిషాలు రెండువేల ఆర్‌పీఎంకు పైనే నడపాలి, ఐడ్లింగ్‌లో వదలకూడదు. ఆ అరగంటలోనే కామ్ బతుకు తేలిపోతుంది.

ఇక అసలు కథ, డ్రైవ్ గేరు. అమెరికా షెవ్రొలే వీ8 ఇంజన్లు చూడండి. కామ్‌షాఫ్ట్ వెనక వైపు గేరు పళ్లుంటాయి. అవి నిలువుగా నిలబడ్డ డిస్ట్రిబ్యూటర్ గేరును తిప్పుతాయి. డిస్ట్రిబ్యూటర్ అడుగు నుంచి ఒక కడ్డీ వెళ్లి ఆయిల్ పంపును తిప్పుతుంది. ఆ చిన్న గేరు పోతే స్పార్కూ పోతుంది, ఆయిలూ పోతుంది. మన అంబాసిడర్ ఇంజన్‌లోనూ ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్ రెండూ కామ్‌షాఫ్ట్ మీద ఆధారపడ్డవే. పాత విల్లీస్ జీపులో ఆయిల్ పంపు షాఫ్టే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పుతుంది. అందుకే పంపు విప్పితే టైమింగ్ మళ్లీ పెట్టుకోవాలని పాత మేస్త్రీలు పిల్లలకు మొదటిరోజే చెబుతారు.

ఈ గేర్లు ఎందుకంత తొందరగా పోతాయి? రెండు షాఫ్టులు అడ్డంగా, నిలువుగా ఉంటాయి కాబట్టి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లవు, జారుతాయి. ఒత్తిడంతా చిన్న చుక్క మీద పడుతుంది. జారే చోట లోహాల జత ముఖ్యం. పోత ఇనుము కామ్‌కు పోత ఇనుము గేరు బాగానే పనిచేస్తుంది. రోలర్ ట్యాపెట్ల కోసం ఉక్కు బిల్లెట్ నుంచి తీసిన కామ్ వేసి, పాత పోత ఇనుము గేరునే ఉంచితే ఉక్కు దాన్ని తినేస్తుంది. ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇదే. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవారిని చూశారుగా, చేతికి దొరికిన కట్టెనల్లా చెక్కరు. ఇదీ అంతే.

దారులు మూడున్నాయి. కంచు గేరు వేయొచ్చు. అది మెత్తన, తాను అరిగి కామ్‌ను కాపాడుతుంది. కానీ మధ్యమధ్యలో విప్పి చూడకపోతే మోసపోతారు. రేసు ఇంజన్‌కు సరే, రోజూ తిరిగే బండికి నేనైతే వేయను. రెండోది, పైపొరను నైట్రోజన్‌తో గట్టిపరిచిన ఉక్కు గేరు. మూడోది, పోత ఇనుము గేరును బిగించి ఇచ్చే ఉక్కు కామ్. ఏది వేయాలో కామ్ తయారుచేసినవాళ్లనే అడగాలి. మొహమాటం అక్కర్లేదు, అడగకపోవడమే తప్పు.

లోహం ఒక్కటే కాదు. ఎక్కువ ఆయిల్ తోసే పెద్ద పంపు పెడితే ఆ భారమంతా ఈ గేరు మీదే. దానికితోడు చిక్కటి ఆయిల్ పోసి, చలి ఉదయాన స్టార్ట్ చేయగానే రేజ్ చేస్తే ఇక చెప్పక్కర్లేదు. అరిగిన పాత కామ్ పళ్లకు కొత్త గేరు జోడించినా అంతే. బ్లాకు పైభాగాన్ని మెషినింగ్ చేసి తగ్గిస్తే డిస్ట్రిబ్యూటర్ కిందికి దిగి, పళ్లు కలిసే చోటు మారిపోతుంది. పళ్లకు నీలం రంగు రాసి తిప్పి చూస్తే మచ్చ ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. మధ్యలో పడాలి, అంచున కాదు. టైమింగ్ లైట్ కింద గుర్తు నిలకడగా ఉండక అటూ ఇటూ ఊగుతుంటే, వడపోసిన ఆయిల్‌లో పసుపు మెరుపు కనిపిస్తే ఇంజన్‌ను అప్పుడే ఆపేయండి.

పాత బుల్లెట్‌లోనూ ఇలాంటిదే ఉంది. టైమింగ్ పినియన్‌ను పట్టుకునే నట్టే వార్మ్‌గా మారి ఆయిల్ పంపును తిప్పుతుంది. అది ఎడమ మర. తెలియక మామూలు నట్టులా బలంగా తిప్పినవాళ్లు ఒక్క మధ్యాహ్నంలో పాఠం నేర్చుకుంటారు, ఖర్చు మాత్రం యజమానిది!

మరి ఉద్యోగాలెక్కడ? కామ్ తయారీలో దేశంలో పేరున్న ప్రెసిషన్ కామ్‌షాఫ్ట్స్ సంస్థ 1992లో సోలాపూర్‌లో మొదలైంది. సోలాపూర్ అంటే మనకు దుప్పట్లే గుర్తొస్తాయి. అక్కడ మగ్గాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. భాష రాదన్న భయం అక్కర్లేదు. నెల్లూరుకు దగ్గరగా చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ ఉంది. ఒరగడం చుట్టూ వాహన కంపెనీలున్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీలో పదో తరగతి తర్వాత టూల్, డై తయారీ డిప్లొమా చేయొచ్చు. గ్రైండింగ్, కొలతల పని నేర్చుకోవడానికి అది మంచి చోటు.

ఒక జాగ్రత్త. రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కస్టమ్ కామ్ పని ట్రాక్ బండ్లకే. పాత వాహనాలను అసలు రూపానికి తెచ్చే పనిలో ఆ చిక్కు లేదు, డబ్బూ బాగానే ఉంది. విద్యుత్ బస్సులు వస్తున్నాయి, ఇంజన్ పని ఎన్నాళ్లని అడిగేవాళ్లకు నా దగ్గర తియ్యటి మాట లేదు, కొంత తగ్గుతుంది. అయితే విద్యుత్ బండిలోనూ మోటారుకు చక్రానికి మధ్య గేర్లున్నాయి. అక్కడా పళ్ల మచ్చ చదవాల్సిందే.

ఇప్పటికిప్పుడు మొదలుపెట్టాలంటే దగ్గర్లోనే దారి ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి రెండు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఐటీఐలో డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడులు చదివినవారిని ఆర్టీసీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ప్రకటన రాకముందే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. నెల్లూరు దగ్గర కాకుటూరులోని ఆర్టీసీ శిక్షణ కళాశాలలో సర్టిఫికెట్లు పరిశీలించే రోజున, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ ఆత్మకూరు బస్సెక్కాల్సి రావచ్చు.